మధ్యమం మెట్టు మీద కుంకుమ బొట్టు

నేను సంగీతం మేష్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ ప్రాణం హాయిగా ఉంటుంది. మలాయా దేశంలో, దిగువ పేరాక్‌లో, హుటాన్ మెలింటాంగ్‌కి ఆరేడు మైళ్ళ దూరంలో ఉన్న ఒక కొబ్బరి ఎస్టేటులో గుమస్తాగా పనిచేసినవాణ్ణి. అక్కడ ఆ ఉద్యోగాన్ని కిరాణీ అంటారు. పొద్దున్నే కూలీల పేర్లు పిలిచి హాజరు వేసుకోవడం, తర్వాత దొర సంతకాల కోసం కాగితాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడటం నా పని. శనివారం మధ్యాహ్నం రామాలయంలో భజనకి హార్మోనియం వాయించడం నా గొప్ప. ఉద్యోగం పోయినా ఎలాగో బతికేవాణ్ణేమో గానీ, ఆ గొప్ప పోతే ఒక్క పూట కూడా బతకలేనని గట్టిగా నమ్మేవాణ్ణి.

హార్మోనియం గుడిది, ఉండేది మాత్రం మా ఇంట్లో. నేను పుట్టకముందే పినాంగు నుంచి తెప్పించారట. వాయించడం నాకు ఎవరూ నేర్పలేదు. తెలుక్ ఇంటాన్‌ని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవాళ్ళం. ఆ ఊరి బళ్ళో చదువుకునే రోజుల్లో పక్కింట్లో నాటకాల వాళ్ళు దిగితే, కిటికీలోంచి చూసి పట్టేశాను. కిటికీలోంచి ఆ వాయించేవాడి కుడిచెయ్యి ఒక్కటే కనిపించేది. అందుకని నాకు వచ్చిన విద్య కూడా అంతవరకే. ఒకే ఒక్క శ్రుతి, నలభై పాటలు. మా ఎస్టేటుకి ఆ మాత్రం చాలు. నలభైయొకటో పాట కావాలని ఎవరూ అడగలేదు.

ఇంతలో ఇంగ్లీషువాళ్ళ ఎమర్జెన్సీ వచ్చిపడింది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైనికులు, మధ్యలో మేము. కూలీలు ఉండే ఇళ్ళ వరసల్నీ, అంటే లైన్లనీ, కిరాణీ ఇంటినీ, గుడినీ కలిపి చుట్టూ ముళ్ళకంచె వేసేశారు. సాయంత్రం ఆరింటికల్లా గేటు మూసేసేవారు. అడవిలో వాళ్ళకి తిండి అందుతుందని, బియ్యపు గింజ కూడా గేటు దాటకూడదన్నారు. పొద్దున్న పనికి వెళ్ళే ఆడవాళ్ళ కొంగులు దులిపి చూసేవారు. గొడుగులు విప్పించేవారు. సైకిలు పంపులు ఊది చూపించమనేవారు. ఆకలితోనే పనికి వెళ్ళి ఆకలితోనే తిరిగి రావడం మావాళ్ళకి అలవాటైపోయింది.

ఆ ఏడు శ్రీరామనవమికి పక్క ఎస్టేటు వాళ్ళు వాయించడానికి రమ్మన్నారు. హార్మోనియం సైకిలు వెనక కట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చాను. గేటు దగ్గర కొత్తగా వచ్చిన కానిస్టేబులు ఉన్నాడు. మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు. బియ్యం బస్తాల్లో గుచ్చి చూసే పొడుగాటి ఇనప చువ్వ వాడి చేతిలో ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు మలాయి భాషలో.

"పాటల పెట్టె" అన్నాను.

"పాటల పెట్టెకీ కడుపు ఉంటుంది కదా" అని మూత తెరిచి, మెట్ల సందులోంచి చువ్వ దింపాడు. లోపల ఠంగుమని ఏదో విరిగింది. బియ్యం రాలేదు. వాడు ఎంతో మర్యాదగా మూత వేసి, దారి ఇచ్చి, సెల్యూట్ కూడా కొట్టాడు. ఆ రోజుల్లో ఫిర్యాదు చేసినవాడి పేరే ముందు రాసుకునేవారు. కాబట్టి నేను కూడా వాడికి దణ్ణం పెట్టి సైకిలెక్కాను.

పందిట్లో జనం కిటకిటలాడుతున్నారు. పాట ఎత్తుకున్నాను. నడిమి స్థాయిలో మధ్యమం మెట్టు నొక్కేసరికి తుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. ఆపితే పరువు పోతుంది. ఏం చేయాలో తోచక, ఆ ఒక్క స్వరాన్నీ నోటితో పాడేశాను. రెండోసారి వచ్చినప్పుడూ అంతే. మూడోసారికి ముందు వరసలో కూర్చున్న ముసలాయన తొడ మీద చరుచుకుని, "ఆహా! పెట్టినీ గొంతునీ కలిపి పలికిస్తన్నాడ్రా!" అన్నాడు. అందరూ తలలు ఊపారు. నేను కూడా ఊపాను.

శ్రుతి మార్చి వాయించవచ్చు కదా అని సంగీతం తెలిసినవాళ్ళు అడుగుతారు. సంగీతం తెలిస్తే కదా! ఇంటికొచ్చి పెట్టె విప్పితే లోపల ఇత్తడి నాలిక ఒకటి విరిగి పడి ఉంది. దాన్ని కాగితంలో చుట్టి మా ఆవిడ చేతికిచ్చి ఇనప్పెట్టెలో దాయమన్నాను. తెలుక్ ఆన్సన్‌లో బాగుచేసేవాడు ఉన్నాడని తెలుసు. కానీ బాగుచేయిస్తే నా కొత్త బాణీ ఏమైపోవాలి? అప్పటికే మూడు ఎస్టేట్లలో నా గొంతు స్వరం గురించి చెప్పుకుంటున్నారు. ఆ రహస్యం తెలిసినవాళ్ళం నేనూ మా ఆవిడా ఇద్దరమే.

ఆ మరుసటి ఏడు లైన్లలో ఉండే ఒక ముసలమ్మ తన మనవరాలిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి మా అరుగు మీద నిలబెట్టింది. మనవరాలికి ఏడేళ్ళు. తల్లీ తండ్రీ తోటలో పనికి పోతే మామ్మ దగ్గర ఉండేది.

"బాబూ, ఈ గుంటతోటి యేగనేకపోతన్నాను. ఇంట్లో గిన్ని లేదు, సెంబు లేదు, అన్నీ వాయించేస్తన్నాది. కంచి దాటి ఆడుకుందుకి పోనేదు కదా. మీ పెట్టి కాడ కూకోబెట్టుకోండి బాబూ."

నాకు పిల్లలు లేరు. పిల్లలంటే ఓపికా లేదు. కానీ రెండు చేతులతో వాయిస్తే చూడ్డానికి గొప్పగా ఉంటుందనీ, వెనక గాలి తిత్తి కొట్టడానికి ఎవరైనా ఉంటే బాగుండుననీ చాలా రోజులుగా మనసులో ఉంది. అందుకని ఒప్పుకున్నాను. ఒప్పుకుని, గురువుగారిలా గొంతు సవరించుకుని ఒక నియమం పెట్టాను.

"ఆర్నెల్లు తిత్తి కొట్టాలి. ఆ తర్వాతే మెట్లు ముట్టుకునేది."

అలాంటి నియమం ప్రపంచంలో ఎక్కడా లేదు. అప్పటికప్పుడు పుట్టించాను. ఆ పిల్ల మాత్రం బుద్ధిగా పెట్టె వెనక చతికిలబడి, సాయంత్రం గేటు మూసిన దగ్గర్నుంచి మామ్మ అన్నానికి కేకేసేదాకా తిత్తి కొట్టేది. కొడుతూ నా వేళ్ళని చూసేది. నాకు కిటికీలోంచి ఒక చెయ్యే కనిపించింది. దానికి రెండు చేతులూ, మొహం, నా తప్పులూ కూడా దగ్గర్నుంచి కనిపించాయి.

ఆర్నెల్లూ లెక్కపెట్టుకుంది. ఆఖరి రోజు దాటగానే, అడగకుండానే నా పక్కకి వచ్చి కూర్చుని, మొదటి పాట ఎత్తుకుంది. మెల్లిగానే అయినా తప్పు లేకుండా వాయించింది. మధ్యమం దగ్గరికొచ్చి నొక్కింది. తుస్సుమంది. మళ్ళీ నొక్కి, నా మొహంలోకి చూసింది.

"బాబూ, ఈ మెట్టు మాటాడదేటి?"

దొర ఏదైనా అడిగితే తెలియదనడం నాకు చేతనవును. కూలీ పిల్ల అడిగితే తెలియదనడం చేతకాలేదు. విరిగింది అనడం అసలే చేతకాలేదు.

"అది మాట్లాడకూడదే," అన్నాను. "ఏ పెట్టెలోనైనా నడిమి మధ్యమాన్ని మూగగానే చేస్తారు. అక్కడ వాయించేవాడే గొంతివ్వాలి. అంతా పెట్టే పాడేస్తే ఇక మనిషెందుకు? అది దేవుడికి మనం ఇచ్చే వంతు."

ఎంత బాగా చెప్పానో! నాకే ఒళ్ళు పులకరించింది. వంటింట్లోంచి మా ఆవిడ గరిట గట్టిగా కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని వింది. మర్నాడు వస్తూ వస్తూ మామ్మ కుంకుమ భరిణెలోంచి వేలికి అద్దుకుని వచ్చి, ఆ మూగ మెట్టు మీద బొట్టు పెట్టి, కళ్ళకి అద్దుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి బొట్టు పెట్టకుండా పాట ఎత్తుకునేది కాదు.

తర్వాత ఆ పిల్లకి పట్టిన పిచ్చి ఏమని చెప్పను! హార్మోనియం నా ఇంట్లో ఉంటుంది, తనకి రోజంతా కావాలి. అందుకని టీ పెట్టె చెక్క ఒకటి సంపాదించి, దాని మీద బొగ్గుతో మూడు స్థాయిల మెట్లూ గీసుకుంది. నడిమి మధ్యమానికి కుంకుమ. కొళాయి దగ్గర వరసలో నిలబడినా చెక్క చంకలో ఉండాల్సిందే. చెక్క పలకదు కాబట్టి స్వరాలన్నీ తనే పాడుతూ వేళ్ళతో నొక్కేది. నీళ్ళకోసం వచ్చిన ఆడవాళ్ళు, "ఓలమ్మా, నీ బిందె నిండిపోనాది, కాళ్ళు తడిసిపోతన్నాయి, సూడే!" అని అరిచేవారు. దానికి వినపడేది కాదు. చేపలవాడి మోటారు సైకిలు హారను మోగితే, "అది గ," అనేది. గుడి గంట ఏ స్వరమో, మా ఆవిడ ఇత్తడి బిందె ఏ స్వరమో అన్నీ చెప్పేది. మా ఆవిడ మెచ్చుకుని లడ్డూ పెట్టేది. నేను తెల్లబోయి చూసేవాణ్ణి, ఎందుకంటే నాకు అవేవీ తెలిసేవి కావు.

గేటు దగ్గర కానిస్టేబుళ్ళ రేడియోలోంచి మలాయి పాటలు వచ్చేవి, తమిళం పాటలు వచ్చేవి. ఒకసారి వింటే చాలు, సాయంత్రానికి మా అరుగు మీద అవన్నీ మోగేవి. ఏ భాష పాటైనా సరే, మధ్యమం వచ్చేసరికి వేలెత్తి గొంతెత్తేది. సన్నని గొంతు, కానీ కొంచెం కూడా వణికేది కాదు. నాకు నలభై పాటలు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ పిల్ల రెండేళ్ళలో నన్ను దాటిపోయింది.

సంతోషించానా? సంతోషించాననే చెప్పుకునేవాణ్ణి. శనివారం భజనకి నేను చాప మీద కూర్చోగానే, "గుంట రానేదేటి బాబూ?" అని ఎవరో ఒకరు అడిగేవారు. "వస్తుంది, వస్తుంది," అని పళ్ళు కొరుక్కునేవాణ్ణి. అసూయే, ఇంకేమిటి! పదేళ్ళు కూడా నిండని పిల్ల మీద అసూయ పడటం ఎంత సిగ్గుచేటో తెలిసి కూడా పడ్డాను. అయినా సాయంత్రం ఆరు దాటి అయిదు నిమిషాలైనా అది రాకపోతే అరుగు మీద అటూ ఇటూ తిరిగేది కూడా నేనే. దాని అడుగుల చప్పుడు వింటే చాలు, కోపం ఎక్కడికి పోయేదో.

ఒక్క అబద్ధమే గొంతులో ముల్లులా ఉండిపోయింది. మా ఆవిడ వారానికొకసారైనా ఆ సంగతి ఎత్తేది.

"ఎప్పటికైనా ఆ పిల్ల ఇంకో పెట్టె ముట్టుకుంటుంది. ఆ రోజు నలుగురిలో నవ్వులపాలయ్యేది మీరు కాదు, అది. ఇప్పుడే చెప్పేయండి."

"ఈ కంచె దాటి ఎక్కడికి పోతుందే? ఇంకో పెట్టె దానికెక్కడ దొరుకుతుంది?" అనేవాణ్ణి.

అదీ సంగతి. ఎస్టేటంతా ఆ ముళ్ళకంచెని తిట్టిపోస్తుంటే, అది ఉన్నందుకు లోలోపల సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే. కానిస్టేబుళ్ళు బియ్యానికి కాపలా కాశారు. కంచె నా అబద్ధానికి కాపలా కాసింది.

ఆ తర్వాత మా వైపు గొడవలు సద్దుమణిగాయి. సోదాలు పోయాయి, తోటకి అన్నం తీసుకుపోవచ్చన్నారు, గేటు తెరిచే ఉంచేవారు. ఇక మెర్దెకా అన్నారు, అంటే స్వాతంత్ర్యం. ఎక్కడ చూసినా ఆ మాటే. మా ఆఫీసులో దొర గోడ మీది ఇంగ్లండు రాణి పటాన్ని దించి ఎక్కడ పెట్టాలో తెలియక నా బల్ల వెనక ఆనించాడు. ఆ పిల్లకి పదకొండేళ్ళు వచ్చాయి.

ఆగస్టులో తెలుక్ ఆన్సన్ నుంచి ఉత్సవాల కమిటీ ఉత్తరం వచ్చింది. మెర్దెకా రోజు ఊళ్ళో పెద్ద మైదానంలో సభ జరుగుతుంది. అన్ని జాతుల వాళ్ళూ తలో పాటో ఆటో చూపించాలి. తెలుగువాళ్ళ తరఫున మా ఎస్టేటు వంతు. మొదటి వాక్యాలు చదువుతుండగానే ఏ చొక్కా వేసుకోవాలో ఆలోచించేసుకున్నాను. కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి మాత్రమే. హార్మోనియం మేమే ఇస్తాం, తేనక్కర్లేదు.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పది రోజులు గడువుంది. పది రోజుల్లో చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. మొదటి రోజు, పిల్ల సంతోషంగా ఉంది, ఇప్పుడెందుకు చెడగొట్టడం అనుకున్నాను. మూడో రోజు మామ్మ కొత్త పావడా కుట్టించింది, ఇప్పుడెలా చెప్తాం అనుకున్నాను. ఆరో రోజుకి లైన్లలో ఆడా మగా అందరూ లారీలో వస్తామన్నారు. ఎనిమిదో రోజున గట్టిగా నిశ్చయించుకుని పిలిచాను కూడా. అది చెక్క చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చి, "బాబూ, పట్నం పెట్టికి బొట్టు ఎట్టనిస్తారా? నేకపోతే తిడతారేటి?" అని అడిగింది. "ఎందుకు తిడతారే, పెట్టు," అన్నాను. దేశమంతా స్వాతంత్ర్యానికి రోజులు లెక్కపెట్టుకుంటోంది. నేను మాత్రం నా పరువుకి లెక్కపెట్టుకున్నాను.

ఆ రోజు తెలుక్ ఆన్సన్ వీధులన్నీ జెండాలే. ఊళ్ళో ఒక పక్కకి ఒరిగి ఉండే గడియారం గోపురానికి కూడా దీపాలు కట్టారు. మైదానంలో మలాయి పిల్లలు ఆడారు, చీనా పిల్లలు సింహం వేషం కట్టారు, పంజాబీ పిల్లలు డోలు వాయించారు. మా వంతు వచ్చింది. వేదిక మీద నల్లగా నిగనిగలాడే కొత్త హార్మోనియం ఉంది. ఊళ్ళో సంగీతం చెప్పే తమిళ మేష్టరుగారిది. ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ పక్కనే కుర్చీలో కూర్చున్నారు.

పిల్ల వెళ్ళి కూర్చుంది. నుదుటి బొట్టు మీద వేలు రాసి, ఆ వేలు మధ్యమం మెట్టు మీద ఆనించి, కళ్ళకి అద్దుకుంది. పక్కనే ఉన్న మా ఆవిడ నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఎంతో బాగుండేది.

పాట ఎత్తుకుంది. సరిగ్గా మధ్యమం దగ్గర వేలెత్తి గొంతెత్తింది. మైకులోంచి ఆ సన్నని స్వరం మైదానమంతా పాకింది. ముందు వరసలో అధికారులు మాటలు ఆపేశారు. తమిళ మేష్టరుగారు కుర్చీలో ముందుకి వంగారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పాడింది. దాని మొహంలో భయం లేదు, దేవుడి వంతు దేవుడికి ఇస్తున్న ధీమా ఉంది. పాట అవ్వగానే చప్పట్లు. మా లైన్ల ఆడవాళ్ళు ఏడ్చేశారు. నేను కూడా ఏడ్చాను, అందులో అబద్ధం లేదు.

కమిటీ పెద్ద ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "ఇది మీ తెలుగువాళ్ళ సంప్రదాయమా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"అవునండీ. చాలా పాతది," అన్నాను. నా నోరు పడిపోను!

ఇంతలో పిల్ల వేదిక దిగి వచ్చి నా చొక్కా పట్టుకుని లాగింది. మొహం పాలిపోయి ఉంది.

"బాబూ, ఆ పెట్టి పాడైపోనాది."

"ఏమైందే?"

"లెగుస్తంటే నా సెయ్యి తగిలినాది. మాటాడకూడని మెట్టు మాటాడతన్నాది."

అప్పుడైనా చెప్పాలా వద్దా? నెత్తిన కొత్త జెండా ఎగురుతోంది, దేశం మొత్తం కొత్తగా మొదలవుతోంది, నేను మాత్రం పాత దారే పట్టాను. "అవునే, పట్నం పెట్టెలు అంతే," అన్నాను.

"పాపం! ఆళ్ళకి ఎవులూ సెప్పినేదేటి? ఉండండి, ఆ మేష్టరుబాబుకి సెప్పేసి వస్తాను."

చెప్పి ఆగిందా? వేదిక వైపు పరుగు తీసింది. అక్కడ మేష్టరుగారు గుడ్డతో హార్మోనియం తుడుచుకుంటున్నారు. చుట్టూ కమిటీ వాళ్ళు, ఊళ్ళో పెద్దమనుషులు, వాళ్ళ పిల్లలు. ఇది వెళ్ళి అంతమంది ముందు, మీ పెట్టె పాడైందండీ, మధ్యమం మాట్లాడుతోంది అంటుంది. ఆయన ముందు తెల్లబోతాడు, తర్వాత పగలబడి నవ్వుతాడు, పక్కవాళ్ళకి చెప్తాడు. ఇప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే కడుపు పట్టుకుంటాయి. నవ్వు నా మీద కాదు, దాని మీద. ఆ కొత్త పావడా మీద, ఆ బొట్టు మీద.

నా జన్మలో నేనెప్పుడూ అలా పరిగెత్తలేదు. జనాన్ని తోసుకుంటూ, ఎవరి కాలో తొక్కి, వేదిక మెట్ల దగ్గర దాని చెయ్యి పట్టుకున్నాను.

"వద్దమ్మా, చెప్పకు. ఆయన పెట్టె బాగానే ఉంది. మనదే విరిగింది. కానిస్టేబులు చువ్వతో పొడిచాడు. నేను బాగుచేయించలేదు. నీకు అబద్ధం చెప్పాను."

అది తన వేలి వైపు చూసుకుంది.

"దేముడి వొంతు?"

"అదీ అబద్ధమే."

"మరి ఆళ్ళందరూ సప్పట్లెందుకు కొట్టినారు?"

అది వేలికి అంటిన కుంకుమని కొత్త పావడాకి తుడిచేసుకుని, నా చెయ్యి విడిపించుకుని వెళ్ళి లారీలో మామ్మ ఒళ్ళో కూర్చుంది. దారి పొడుగునా అందరూ మెర్దెకా మెర్దెకా అని అరుస్తూనే ఉన్నారు.

మర్నాడు సాయంత్రం ఆరయింది, ఏడయింది, రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున్న తలుపు తీసేసరికి అరుగు మీద టీ పెట్టె చెక్క ఉంది. బొగ్గు గీతలు అలాగే ఉన్నాయి. కుంకుమ మాత్రం తడిగుడ్డతో తుడిచేసి ఉంది. ఆ తెల్లటి మరక చూసి అరుగు మీదే చతికిలబడ్డాను. మా ఆవిడ ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. ఆవిడ ఇనప్పెట్టె తెరిచి, ఇత్తడి నాలిక చుట్టిన కాగితం పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

ఆ శనివారం భజన మానేసి హార్మోనియంతో బస్సెక్కాను. తెలుక్ ఆన్సన్ మార్కెట్టు వెనక సందులో ఒక చీనా ముసలాయన గడియారాలూ, అకార్డియన్లూ బాగుచేసేవాడు. విరిగిన నాలికని భూతద్దంలో చూసి, ఎన్నాళ్ళయిందని మలాయిలో అడిగాడు.

"అయిదేళ్ళు దాటింది."

"అయిదేళ్ళు!" అని నా మొహం కూడా అదే భూతద్దంలోంచి చూశాడు. "అరపూట పని కదా!"

నిజంగా అరపూటే పట్టింది.

మర్నాడు ఆదివారం. హార్మోనియం నెత్తిన పెట్టుకుని లైన్లలోకి నడిచాను. కిరాణీ అన్నవాడు లైన్లలోకి వస్తే నిలబడి మాట్లాడి పోవాలి గానీ, కూలీల గుమ్మంలో కూర్చోకూడదు. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. నేను పోయి ఆ పిల్ల ఇంటి మెట్టు మీద కూర్చున్నాను. పక్క గుమ్మాల్లో ఆడవాళ్ళు చాటలు ఆపి చూశారు. మామ్మ కంగారుపడి కుర్చీ కోసం ఎటో పరిగెత్తబోయింది.

"కుర్చీ వద్దు. పిల్లని పిలు," అన్నాను.

అది తలుపు చాటునుంచి వచ్చి నిలబడింది. నేను తప్పయిపోయింది అన్నాను. నలుగురూ వింటుండగానే అన్నాను. అది వంగి, నిలబడే, ఒక చేత్తో తిత్తి కొట్టి, మధ్యమం నొక్కింది. పలికింది. వేలు తీయకుండా, గాలి అయిపోయేదాకా అలాగే నొక్కి ఉంచింది. మళ్ళీ గాలి కొట్టి మళ్ళీ నొక్కింది. నాలుగేళ్ళ బాకీ వసూలు చేసుకుంటున్నట్టు ఎన్నిసార్లు నొక్కిందో.

ఆ తర్వాత కూర్చుని పాట ఎత్తుకుంది. ఈసారి మధ్యమం పెట్టే పలికింది. తప్పేమీ లేదు, అచ్చంగా ఉండాల్సినట్టే ఉంది. లోపల మాత్రం నాకు ఏదో పోయినట్టయింది. మామ్మ కూడా గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏటే గుంటా, గొంతు పోనాదేటి?" అంది.

పిల్ల మొదటి నుంచి మళ్ళీ ఎత్తుకుంది. మధ్యమం వచ్చింది. వేలు మెట్టు దాకా వెళ్ళి ఆగింది. ఎత్తేసింది. గొంతెత్తి పాడింది. మైదానంలో పాడిన దానికన్నా గట్టిగా, లైన్ల చివరిదాకా వినపడేలా పాడింది.

"మెట్టు బాగయింది కదే!" అన్నాను.

"తెలుసు."

"మరి నొక్కవేం?"

"నా ఇష్టం," అంది. ఆ మొహంలో కోపం ఉంది, కానీ వెనకనించి నవ్వు తోసుకొస్తోంది. పెట్టెని తన వైపు లాక్కుని సరిగ్గా సర్దుకుని, వెనక ఖాళీ చోటు చూపించింది.

"అక్కడ కూకోండి బాబూ. ఆర్నెల్లు తిత్తి కొట్టండి. అప్పుడు సూద్దారి, మెట్లు ముట్టనియ్యాలో నేదో."

వెనక్కి వెళ్ళి, నేల మీద చతికిలబడి, కొట్టడం మొదలుపెట్టాను.